కర్ణనాదం: మెదడు శస్త్రచికిత్స తరువాత మిగిలే హోరు

గాలిలో కదలిక లేనిదే శబ్దం లేదని పాఠశాల పుస్తకాలు చెబుతాయి. అయితే బయట ఏ కదలికా లేకపోయినా కీచురాళ్ళ రొదవంటిదో, కుక్కరు నుండి వెలువడే ఆవిరి చప్పుడువంటిదో, దూరాన సముద్రపు హోరువంటిదో ఒక ధ్వని చెవిలో ఎడతెగక వినబడుతూ ఉండేవారు అనేకులున్నారు. దీనిని పాశ్చాత్య వైద్యులు టినిటస్ అంటారు. 2022లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం వయోజనులలో సుమారు 14 శాతం మందికి ఇది ఏదో ఒక స్థాయిలో అనుభవమే. వారిలో అధికసంఖ్యాకులు దానిని పట్టించుకోకుండానే జీవిస్తారు. కొద్దిమందికి మాత్రం అది నిద్రను, ఏకాగ్రతను, మనశ్శాంతిని హరిస్తుంది.

మెదడుకు శస్త్రచికిత్స జరిగిన పిదప ఈ హోరు మిగిలిపోయినవారి కష్టం మరింత ప్రత్యేకమైనది. పెద్ద గండం గడిచిందని బంధుమిత్రులు సంతోషిస్తారు. గాయం మానుతుంది. మనిషి ఉద్యోగంలో తిరిగి చేరతాడు. చూసేవారికి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. లోపల మాత్రం ఆ మోత ఆగదు. “కణితిని తీసివేశారు గదా, ఇంకా ఈ చప్పుడు ఎక్కడిది?” అన్న ప్రశ్నకు సమాధానం దొరకక, జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయంతో, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయేవారున్నారు. ఆ ప్రశ్నకు నేటి విజ్ఞానశాస్త్రం చాలావరకు సమాధానం చెప్పగలదు. హోరును పూర్తిగా నిర్మూలించే ఔషధమేదీ ఇంతవరకు లేకపోయినా, దాని బాధను తగ్గించుకొనే మార్గాలు ఉన్నాయి.

పాత జబ్బే

ఈ వ్యాధి కొత్తది కాదు. సుశ్రుత సంహిత 28 రకాల కర్ణరోగాలను పేర్కొంటూ వాటిలో కర్ణనాదాన్ని చేర్చింది. తెలుగువారికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. ఇళ్ళలో మాత్రం “చెవిలో గుయ్యిమంటోంది”, “చెవులు హోరెత్తుతున్నాయి” అనే వాడుక. జర్మన్ సంగీతకర్త బీథోవెన్ 1801లోనే తన చెవులలో రాత్రింబగళ్ళు మోగే రొదను గురించి మిత్రునికి లేఖ రాశాడు. చెక్ దేశపు సంగీతకర్త స్మెతానా, వినికిడి కోల్పోయిన తరువాత 1876లో కూర్చిన తంత్రీవాద్య రచన చివరి భాగంలో, తన చెవిలో మ్రోగిన తారస్థాయి స్వరాన్నే వయొలిన్‌పై పలికించాడు.

వినికిడి నడిచే దారి

హోరు ఎందుకు పుడుతుందో తెలియాలంటే వినికిడి ఎలా జరుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. శబ్ద తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలికను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన కాక్లియా అనే భాగం ద్రవంతో నిండి ఉంటుంది. అందులో తరంగాలు ప్రయాణించే తీరును కనుగొన్నందుకే గియోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి లభించింది.

కాక్లియాలో రోమకణాలు అనే సున్నితమైన కణాలు వరుసలుగా ఉంటాయి. లోపలి వరుసలో సుమారు 3,500, వెలుపలి వరుసలలో సుమారు 12,000 ఉంటాయి. ఇవి కదలికను విద్యుత్ సంకేతాలుగా మారుస్తాయి. సుమారు 30,000 తంతువులున్న శ్రవణనాడి ఆ సంకేతాలను మెదడుకాండానికి చేరవేస్తుంది. అక్కడినుండి అవి మజిలీ మజిలీగా పైకి సాగి, కణతల వద్దనున్న శ్రవణ కేంద్రాలను చేరిన తరువాతనే మనిషి “విన్నాను” అనుకుంటాడు. కనుక చెవి శబ్దాన్ని సేకరించే వాకిలి మాత్రమే, వినేది మెదడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కిన విషయమంతా తేటపడుతుంది.

నాడిపై పెరిగే కణితి

మెదడు శస్త్రచికిత్సకూ కర్ణనాదానికీ ప్రత్యక్ష సంబంధమున్న జబ్బులలో ముఖ్యమైనది వెస్టిబ్యులర్ శ్వానోమా. దీనికే అకూస్టిక్ న్యూరోమా అని పాత పేరు. లోపలి చెవి నుండి మెదడుకు పోయే ఎనిమిదవ కపాలనాడిలో రెండు శాఖలున్నాయి. ఒకటి వినికిడికి, రెండవది శరీర సమతౌల్యానికి సంబంధించినవి. రెండవ శాఖకు తొడుగుగా ఉండే శ్వాన్ కణాలు అదుపు తప్పి పెరగడం వలన ఈ కణితి ఏర్పడుతుంది. ఇది క్యాన్సర్ కాదు. సాధారణంగా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒకవైపు చెవిలోనే వినికిడి తగ్గడం, ఆ చెవిలోనే హోరు, నడకలో తూలు దీని ముఖ్య లక్షణాలు. ఎమ్.ఆర్.ఐ. పరీక్షతో ఇది బయటపడుతుంది.

కణితి చిన్నదైతే కొంతకాలం పరీక్షలతో గమనిస్తూ ఉండడం ఒక పద్ధతి. కిరణాలను కణితిపై కేంద్రీకరించి దాని పెరుగుదలను ఆపడం రెండవది. శస్త్రచికిత్సతో తొలగించడం మూడవది. 1917లో హార్వీ కుషింగ్ ఈ కణితులపై ఒక గ్రంథమే ప్రచురించాడు. ఆ కాలంలో ఈ శస్త్రచికిత్స ప్రాణాపాయకరమైనది. 1960ల నుండి లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ సూక్ష్మదర్శిని సాయంతో చెవి వెనుక ఎముకను తొలిచి కణితిని చేరుకొనే పద్ధతిని అభివృద్ధి చేయడంతో పరిస్థితి ఎంతో మెరుగుపడింది. ఆ మార్గంలో లోపలి చెవి గుండానే వెళ్ళవలసి ఉంటుంది గనుక ఆ చెవిలో వినికిడి పూర్తిగా పోతుంది. తల వెనుక నుండి గాని, చెవి పైభాగం నుండి గాని వెళ్ళే ఇతర మార్గాలలో వినికిడిని కాపాడే ప్రయత్నం చేయవచ్చు. అయితే అది ప్రతిసారీ ఫలించదు.

నాడి తెగినా నాదం ఆగదేమి?

చెవి పనిచేయడం ఆగిపోతే హోరు కూడా ఆగాలి గదా అని ఎవరికైనా తోస్తుంది. ఒకప్పుడు వైద్యులకూ అలాగే తోచింది. భరించరాని కర్ణనాదమున్న కొందరికి శ్రవణనాడిని కోసివేసి చూశారు. చాలామందిలో హోరు పోలేదు. కణితి తొలగించిన రోగులలోనూ ఇదే కనిపిస్తుంది. కొందరిలో హోరు తగ్గుతుంది, కొందరిలో యథాతథంగా ఉంటుంది, కొందరిలో పెరుగుతుంది. అంతకుముందు లేనివారిలో కొత్తగా మొదలుకావడమూ ఉంది.

ఆకాశవాణి ప్రసారాలు రేడియోలో విన్న తరానికి దీని కారణాన్ని వివరించడం సులువు. రాత్రి ప్రసారాలు ముగిసిన తరువాత రేడియోను కట్టివేయకుండా వాల్యూము పెంచితే ఏమి వినబడేది? కార్యక్రమమేదీ లేకపోయినా బుస్సుమనే శబ్దం గదిని నింపేది. ఆ శబ్దం ఏ కేంద్రమూ ప్రసారం చేసినది కాదు. యంత్రంలో ఎప్పుడూ ఉండే స్వల్ప విద్యుత్ అలజడే పెద్దదై వినబడేది. మెదడు చేసేదీ అటువంటిదే. చెవి నుండి రావలసిన సంకేతాలు ఆగిపోయినప్పుడు, మెదడులోని శ్రవణ కేంద్రాలు తమ గ్రహణశక్తిని పెంచుకుంటాయి. నాడీకణాలలో సహజంగా ఉండే అలజడి అప్పుడు శబ్దంగా అనుభవానికి వస్తుంది. నేడు విస్తృతంగా ఆమోదం పొందిన వివరణ ఇది.

కాలో చెయ్యో తొలగించిన తరువాత కూడా లేని అవయవంలో నొప్పి కలగడం దీనికి దగ్గరి పోలిక. అమెరికా అంతర్యుద్ధ కాలపు క్షతగాత్రులను పరిశీలించిన వైద్యుడు సైలస్ వియర్ మిచెల్ 1871లో దీనికి “ఛాయా అవయవం” అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అవయవం పోయినా దాని చిత్రం మెదడులో మిగిలే ఉంటుంది.

ఈ అలజడి ఆరోగ్యవంతులలోనూ ఉంటుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు మామూలు వినికిడి ఉన్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. వారిలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినబడుతున్నదని చెప్పారు. కనుక కర్ణనాదం పిచ్చి గాని, కల్పన గాని, బలహీనత గాని కాదు.

శస్త్రచికిత్స అయిన కొందరు మరొక వింతను గమనిస్తారు. దవడ బిగించినప్పుడు, మెడ తిప్పినప్పుడు, కన్నులను పక్కకు తిప్పి చూసినప్పుడు హోరు స్థాయి మారుతుంది. దవడ, మెడ, కంటి కదలికలకు సంబంధించిన నాడీమార్గాలు మెదడులో శ్రవణ మార్గాలతో కలిసే చోట్లు ఉండడమే ఇందుకు కారణమని భావిస్తారు. అంతమాత్రాన కణితి మళ్ళీ పెరిగిందని భయపడనవసరం లేదు. ఆ సంగతి తేల్చేది వైద్యులు నిర్ణీత వ్యవధిలో చేయించే ఎమ్.ఆర్.ఐ. పరీక్ష మాత్రమే.

శబ్దం వేరు, బాధ వేరు

రోగి చెవిలోని హోరును యంత్రంతో పుట్టించిన శబ్దంతో పోల్చి దాని తీవ్రతను అంచనా వేయవచ్చు. అలా పోల్చినప్పుడు చాలామంది హోరు, ఆ స్థాయిలో వారికి వినబడగల కనిష్ఠ శబ్దం కంటే 10, 15 డెసిబెల్స్‌కు మించి ఉండడం అరుదు. అనగా గుసగుసవంటి శబ్దమే మనిషిని నిద్ర లేకుండా చేయగలుగుతున్నది. ఒకే తీవ్రత ఉన్న ఇద్దరిలో ఒకరు నిశ్చింతగా ఉంటే మరొకరు నలిగిపోతారు. ఈ తేడా ఎక్కడిది?

1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ ప్రశ్నకు దారి చూపింది. మెదడు ప్రతి శబ్దానికీ ఒక విలువ కడుతుంది. ఉరుముకు మేలుకోని తల్లి పసిబిడ్డ మూలుగుకు మేలుకుంటుంది. రైలుకట్ట పక్కన కాపురమున్నవారికి కొన్నాళ్ళకు రైళ్ళ చప్పుడు నిద్రాభంగం చేయదు. ప్రమాదం లేదని తేలిన శబ్దాన్ని మెదడు క్రమంగా పక్కన పెడుతుంది. ప్రమాద సూచన అనుకున్నదానిని మాత్రం కావలి కాస్తూ వింటుంది. శస్త్రచికిత్స ముగిసిన రోగికి హోరు అంటే కణితి జ్ఞాపకం. అందువలన భయం, భయం వలన అదే ధ్యాస, ధ్యాస వలన మరింత హోరు, దానివలన నిద్రలేమి, నిద్రలేమి వలన మరింత భయం. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచడమే చికిత్స లక్ష్యం. హోరు ఉన్నా మెదడు దానిని పట్టించుకోని స్థితికి చేరడానికి సాధారణంగా కొన్ని నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది.

ఉపశమన మార్గాలు

నిశ్శబ్దాన్ని తగ్గించడం మొదటి మెట్టు. 1970లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జాక్ వెర్నన్ అనే శాస్త్రజ్ఞుడు కర్ణనాదంతో బాధపడుతున్న ఛార్లెస్ యూనిస్ అనే వైద్యునితో కలిసి నడుస్తుండగా, ఒక నీటి ఫౌంటెన్ వద్ద ఆ వైద్యుడు ఆగిపోయి కదలలేదట. నీటి చప్పుడులో తన హోరు వినబడకపోవడమే కారణం. శబ్దంతో ఉపశమనం కలిగించే పరికరాలపై వెర్నన్ చేసిన కృషికి ఈ సంఘటన ప్రేరణ అయింది.

తెలుగు కుటుంబాలకు ఇందులో గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. స్వదేశంలో రాత్రంతా తిరిగే ఫ్యాను, వీధి చప్పుళ్ళు, కోడికూతలు హోరును కొంత కప్పివేస్తాయి. చలిదేశాలలో కిటికీలు బిగించిన ఇళ్ళు రాత్రివేళ నిశ్శబ్దంగా ఉంటాయి. ఆ నిశ్శబ్దంలో హోరు పెద్దదవుతుంది. పడకగదిలో చిన్న ఫ్యాను, వాన చప్పుడు రికార్డు, తక్కువ స్థాయిలో తంబురా శ్రుతి ఏదైనా పెట్టుకోవచ్చు. ఆ శబ్దం హోరును పూర్తిగా ముంచివేయనవసరం లేదు. హోరు కంటే ఒక పిసరు తక్కువగా ఉంటే, మెదడు రెండింటినీ కలిపి విని క్రమంగా అలవాటు పడుతుంది. ఒక చెవి పూర్తిగా పోయినవారికి కూడా మంచి చెవి ద్వారా వినే మెత్తని శబ్దం కొంతవరకు ఉపకరిస్తుంది.

వినికిడి పరికరం రెండవది. కొంత వినికిడి మిగిలి ఉన్న చెవికి వినికిడి యంత్రం అమర్చితే మెదడుకు సంకేతాలు పెరిగి హోరు తగ్గవచ్చు. పూర్తిగా పోయిన వైపు శబ్దాలను గ్రహించి మంచి చెవికి చేరవేసే పరికరాలున్నాయి. ఒకవైపు చెవుడుకు కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడానికి అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2019లో అనుమతించింది. దానివలన చాలామందిలో హోరు కూడా తగ్గుతున్నది. అయితే శ్రవణనాడి తెగిపోయినవారికి అది పనిచేయదు. నాడి మిగిలిందా లేదా అన్నది శస్త్రచికిత్స చేసిన వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

ఆలోచనా సరళిని మార్చే చికిత్స మూడవది. “ఇది ఎన్నటికీ పోదు, నా జీవితం ముగిసింది” అనే ఆలోచనలను శిక్షితుడైన మనస్తత్వవేత్త సాయంతో ఒక్కొక్కటిగా పరీక్షించి, వాస్తవానికి దగ్గరైన ఆలోచనలను అలవరచుకోవడం ఇందులోని పద్ధతి. 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, ఈ చికిత్స కర్ణనాదం జీవితంపై చూపే దుష్ప్రభావాన్ని తగ్గిస్తుందని తేల్చింది. శబ్దం తగ్గకపోయినా బాధ తగ్గడమే దీని ఫలితం. మనస్తత్వవేత్త వద్దకు వెళ్ళడం నామోషీ అనే భావం ఇంకా మన కుటుంబాలలో ఉంది. విరిగిన కాలికి కర్ర సాయం తీసుకోవడంలో నామోషీ లేనప్పుడు ఇందులోనూ ఉండనవసరం లేదు.

నిద్ర, నడక నాలుగవది. రోజూ ఒకే వేళకు పడుకొని ఒకే వేళకు లేవడం, సాయంత్రం తరువాత కాఫీ మానడం, వైద్యుడు అనుమతించిన మేరకు నడవడం మేలు. కణితి తీసిన తరువాత తూలు ఉన్నవారు సమతౌల్య వ్యాయామాలు తప్పక చేయాలి. అలసట హోరును పెంచుతుంది.

మిగిలిన చెవిని కాపాడుకోవడం ఐదవది. పెళ్ళిళ్ళలో, సంఘాల ఉత్సవాలలో లౌడ్‌స్పీకర్ల చెంత కూర్చోరాదు. గట్టి శబ్దమున్న చోట చెవి బిరడాలు వాడాలి. అలాగని మామూలు శబ్దాలకు కూడా ఎప్పుడూ బిరడాలు పెట్టుకుంటే చెవి మరింత సున్నితమై, నిశ్శబ్దంలో హోరు పెరుగుతుంది.

మందులు, చిట్కాలు

2014లో అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం ప్రకటించిన సూచనలలో దీర్ఘకాల కర్ణనాదానికి జింకో ఆకు, మెలటోనిన్, జింకు మాత్రలను సిఫారసు చేయరాదని చెప్పారు. హోరుకు చికిత్సగా కుంగుబాటు మందులను మామూలుగా వాడరాదని కూడా చెప్పారు. నిజంగా కుంగుబాటు ఉన్నవారికి అవి వేరు సంగతి. కళ్ళు తిరగడానికి మన దేశంలో విరివిగా వాడే బీటాహిస్టిన్‌ను కేవలం కర్ణనాదానికి ఇవ్వరాదని 2020లో బ్రిటిష్ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. “నెలరోజుల్లో హోరు మాయం” అనే ప్రకటనలకు డబ్బు పోగొట్టుకోవద్దు.

గోరువెచ్చని నూనెలో వెల్లుల్లి వేసి చెవిలో పోయడం పెద్దల వైద్యం. ఆ నూనె కర్ణభేరిని దాటి నాడిని చేరదు. శస్త్రచికిత్స జరిగిన చెవిలో పోస్తే అపాయం కలగవచ్చు. పెద్ద మోతాదు ఆస్పిరిన్, కొన్ని సూక్ష్మజీవి నాశకాలు, కొన్ని క్యాన్సర్ మందులు హోరును కలిగించగలవు. అయినా వైద్యుని అడగకుండా ఏ మందునూ సొంతంగా ఆపరాదు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

శస్త్రచికిత్స తరువాత ముక్కు నుండి గాని చెవి నుండి గాని నీరువంటి ద్రవం కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, తీవ్రమైన తలనొప్పి, కొత్తగా మూతి వంకర పోవడం కూడా అత్యవసర లక్షణాలు. మంచి చెవిలో వినికిడి ఉన్నట్టుండి తగ్గితే మరునాటికి వాయిదా వేయరాదు. త్వరగా మొదలుపెడితేనే చికిత్స ఫలించే అవకాశం ఎక్కువ. గుండె కొట్టుకునే లయకు తగినట్లు చెవిలో చప్పుడు వినబడితే రక్తనాళాల పరీక్ష అవసరం. జీవించడం వ్యర్థమనే ఆలోచన వస్తే వెంటనే చెప్పాలి. అమెరికాలో 988, భారతదేశంలో 14416 నంబర్లకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

కుటుంబం చేయవలసినది

కర్ణనాదం పక్కవారికి వినబడదు, ఏ ఫోటోలోనూ కనబడదు. అందువలన “అంతా నీ భ్రమ”, “ప్రాణం దక్కింది, అదే చాలు” అనే మాటలు తేలికగా వస్తాయి. ప్రాణం దక్కినందుకు కృతజ్ఞత, హోరు వలన దుఃఖం రెండూ ఒకే మనిషిలో ఉండగలవు. ఆ దుఃఖాన్ని నమ్మడమే కుటుంబం ఇవ్వగల మొదటి ఔషధం.

రోజూ “హోరు తగ్గిందా?” అని అడగడం ప్రేమతోనే అయినా, ప్రతి ప్రశ్నా రోగి ధ్యాసను మళ్ళీ దానిపైకే తెస్తుంది. “రాత్రి నిద్ర పట్టిందా? ఈరోజు నడకకు వెళదామా?” అని అడగడం మంచిది. భోజనాల బల్ల వద్ద, సభలలో మంచి చెవి మాట్లాడేవారి వైపు ఉండేట్లు కూర్చోబెట్టాలి. వినబడని వైపు నుండి పిలిచి, పలకలేదని నిష్ఠూరమాడరాదు. ఆంగ్లం అంతగా రాని అమ్మానాన్నలను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళే పిల్లలు, ఏ చెవి, ఎప్పటినుండి, ఎటువంటి శబ్దం, నిద్ర ఎలా ఉంది అన్న వివరాలను ముందుగా తెలుగులోనే అడిగి రాసుకోవాలి. పెద్దవారు పిల్లల ముందు చెప్పడానికి సంకోచించే దిగులు కూడా ఉండవచ్చు గనుక ఆసుపత్రిలో దుబాసీ సేవను కోరడం మంచిది.

హోరు రేపటికే ఆగిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే నెలలు గడిచేకొద్దీ, ఒకనాడు పనిలో మునిగి గంటసేపు అది గుర్తుకు రాలేదని రోగి గమనిస్తాడు. ఆ గంట తరువాత పూటగా, పూట రోజుగా పెరగడం చాలామంది అనుభవం. అంతవరకు తోడుగా నిలవడం ఇంటివారి వంతు, ఓర్పుతో సాధన చేయడం రోగి వంతు.